క్యాష్ మన కాసేనా? ఇంగ్లిష్ మాటల పుట్టుక తేల్చే పద్ధతి

"క్యాష్ అనే ఇంగ్లిష్ మాట మన కాసులోంచే వెళ్లిందట" అని ఎవరైనా చెబితే ఇట్టే నమ్మబుద్ధవుతుంది. రెండు మాటలూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. రెండిటి అర్థమూ డబ్బే. యూరప్ వర్తకులు ఇక్కడి రేవుల్లో వందల ఏళ్లు బేరాలు చేశారు కాబట్టి, మాట ఓడెక్కి వెళ్లిందంటే కాదనడానికి కారణం కూడా కనిపించదు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకసారి పెద్ద ఇంగ్లిష్ నిఘంటువులో ఆ పేజీ తీసి చూస్తే అక్కడ క్యాష్ అనే మాటలు రెండున్నాయి. స్పెల్లింగ్ ఒకటే, ఉచ్చారణ ఒకటే, పుట్టుక మాత్రం వేరు.

మొదటిది మనం రోజూ అనే క్యాష్. ఇటాలియన్‌లో కాస్సా అంటే పెట్టె. దానికీ ఫ్రెంచ్‌లో ఉన్న దాని తోబుట్టువుకీ మూలం లాటిన్ కాప్సా, అదీ పెట్టే. ఈ మాట ఇంగ్లిష్‌లో అడుగుపెట్టినప్పుడు దాని అర్థం డబ్బు దాచుకునే పెట్టె. వాడగా వాడగా పెట్టె వెనక్కి పోయి, లోపలున్న డబ్బుకే ఆ పేరు అంటుకుంది. క్యాషియర్‌లో ఆ పెట్టె ఇంకా ఉంది, డబ్బుపెట్టె చూసుకునే మనిషి అని. సూట్‌కేస్‌లోని కేస్ కూడా ఈ కాప్సా సంతానమే.

రెండో క్యాష్ నిజంగానే మన వైపుది. తమిళంలోనూ తెలుగులోనూ ఉన్న కాసుని పోర్చుగీసు వర్తకులు కైషా అని పలికారు. వాళ్ల దగ్గర్నుంచి అది ఇంగ్లిష్‌కి చేరి క్యాష్ అయింది. దక్షిణ భారతంలోనూ చైనాలోనూ చలామణీలో ఉన్న తక్కువ విలువ నాణేలకి తెల్లవాళ్లు ఆ పేరు వాడారు. మధ్యలో చదరపు చిల్లు ఉండే పాత చైనా నాణేన్ని నాణేలు సేకరించేవాళ్లు ఇప్పటికీ క్యాష్ అనే అంటారు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పోర్చుగీసులో కైషా అంటే కూడా పెట్టే, కాప్సా కుటుంబమే. అంటే మన కాసు పోర్చుగీసువాళ్ల నోట్లో పడి, వాళ్లకి అలవాటైన పెట్టె మాటలాగా తయారైంది. వేర్వేరు చోట్ల పుట్టిన రెండు మాటలు దారిలో కలిసి, ఒకే ముసుగు వేసుకుని ఇంగ్లిష్‌లోకి నడిచొచ్చాయి. చెవికి ఎలా వినిపించిందో దాన్నే పట్టుకుని కూర్చుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

అసలు ఒక మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న వేసుకోకుండానే మనం మాటల కథలు ఒకరికొకరం చెప్పుకుంటుంటాం.

తేదీ వేసిన కాగితం

1857లో లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ ఒక పని తలపెట్టింది. అప్పటివరకూ ఉన్న నిఘంటువులు చాలవు, ప్రతి ఇంగ్లిష్ మాటకీ చరిత్ర రాయాలి అని. ఆ ఆలోచనే తర్వాత ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ అయింది. 1879లో జేమ్స్ మరే సంపాదకుడయ్యాడు. మొదటి భాగం 1884లో వచ్చింది, చివరి భాగం 1928లో. అప్పటికి మరే చనిపోయి పదమూడేళ్లు. అందులో 4,14,825 మాటలున్నాయి, వాటికి ఆధారంగా చూపిన వాక్యాలు 18 లక్షలు దాటాయి.

ఆ వాక్యాలే ఈ పని మొత్తానికి ప్రాణం. వందలాది మంది సామాన్య పాఠకులు పాత పుస్తకాలు చదువుతూ, ఒక మాట కనబడితే చిన్న కాగితం ముక్క మీద ఆ మాట, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ, ఆ మాట వచ్చిన వాక్యం యథాతథంగా రాసి మరేకి పంపేవారు. ఆయన తన ఆవరణలో ఇనుప రేకులతో ఒక షెడ్డు కట్టించుకుని, గోడలకి వెయ్యికి పైగా చిన్న అరలు పెట్టించి, వచ్చిన చీటీలన్నీ అక్షరక్రమంలో అందులో సర్దించాడు. ఒక్కో మాటకి వచ్చిన చీటీల్ని తేదీ వారీగా టేబుల్ మీద పరిస్తే ఆ మాట జీవితం కళ్లముందు కనబడుతుంది. ఎప్పుడు మొదటిసారి రాతలో కనిపించింది, అప్పుడు ఏ అర్థంలో ఉంది, ఏ శతాబ్దంలో పక్కకి జరిగింది, ఏ అర్థం ఎప్పుడు చచ్చిపోయింది. మాట పుట్టుక గురించి ఎవరు ఏ కథ చెప్పినా, ఆ కథ ఈ చీటీల వరసతో పొసగాలి. పొసగకపోతే ఎంత అందమైన కథైనా వదిలేయాల్సిందే.

శాలరీ సంగతే తీసుకుందాం. రోమన్ సైనికులకి జీతం ఉప్పు రూపంలో ఇచ్చేవాళ్లని, అందుకే జీతానికి శాలరీ అనే పేరొచ్చిందని ఫోన్లలో తిరిగే మెసేజ్ చూడనివాళ్లు ఉండరు. "మీ ఉప్పు తిన్నవాణ్ణి" అనే మాట అలవాటున్న మనకి అది మరీ తేలిగ్గా ఎక్కుతుంది. ఇందులో సగం నిజం. లాటిన్‌లో సాల్ అంటే ఉప్పు, సలారియమ్ అంటే జీతం లేదా భత్యం, రెండిటికీ చుట్టరికం ఉంది. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ కూడా ఆ చుట్టరికాన్ని ఒక్క వాక్యంలో ప్రస్తావించాడు, అది ఎలా ఏర్పడిందో మాత్రం విడమర్చలేదు. సైనికుడి దోసిట్లో ఉప్పు పోసి జీతం అన్నట్టు చెప్పిన ప్రాచీన రచయిత ఒక్కడూ లేడు. రోమన్ సైనికుడు పుచ్చుకున్నది నాణేలు. ఉప్పు కొనుక్కోవడానికి ఇచ్చిన డబ్బు అన్న వివరణ చాలా శతాబ్దాల తర్వాతి నిఘంటుకారుల ఊహ. మాటకీ ఉప్పుకీ సంబంధం నిజం, దాని చుట్టూ అల్లిన సన్నివేశం కల్పన. మాటల కథల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి, నిజం ముక్క ఒకటి పెట్టుకుని చుట్టూ గోడలు లేపినట్టు. అందుకే పూర్తి అబద్ధాల కంటే వీటిని విడదీయడం కష్టం.

ఇంకో రకం కథలున్నాయి, పొడి అక్షరాల కథలు. న్యూస్ అంటే ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణం అనే నాలుగు దిక్కుల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలట. గోల్ఫ్ అంటే "పెద్దమనుషులకే, ఆడవాళ్లకి ప్రవేశం లేదు" అనే నాలుగు మాటల కుదింపట. రెండూ తప్పే. న్యూస్ అంటే న్యూ అనే మాటకి బహువచనం, కొత్త సంగతులు, అంతే. గోల్ఫ్ అయితే 1457లోనే స్కాట్లండ్ పార్లమెంటు చట్టంలో ఉంది. జనం విలువిద్య సాధన మానేసి ఈ ఆటలో పడుతున్నారని గోల్ఫ్‌నీ ఫుట్‌బాల్‌నీ నిషేధించారు. అసలు మాటల మొదటి అక్షరాలు కలిపి కొత్త మాట చేసుకోవడం విరివిగా మొదలైంది 20వ శతాబ్దంలో. ఆ పద్ధతికి ఇంగ్లిష్‌లో ఉన్న ఆక్రనిమ్ అనే పేరు కూడా 1940ల ప్రాంతంలోనే వాడుకలోకి వచ్చింది. అందుకని ఒక పాత మాటకి పొడి అక్షరాల కథ చెబుతున్నారంటే అక్కడే అనుమానించాలి. ఇది నేను గట్టిగా పాటించే నియమం.

దీనికి ఒక గొప్ప మినహాయింపు ఉంది, ఓకే. ఇది నిజంగానే పొడి అక్షరాల మాట. 1830ల చివర బోస్టన్ పత్రికల్లో కుర్ర సంపాదకులకి ఒక సరదా పట్టుకుంది. మామూలు మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, వాటి పొడి అక్షరాలు వాడటం. అంతా సరిగ్గానే ఉంది అనడానికి ఆల్ కరెక్ట్ అనాలి కదా, దాన్ని ఓ తోనూ కే తోనూ మొదలయ్యేలా తప్పుగా రాసి ఓకే అన్నారు. బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో 1839 మార్చి 23న అది అచ్చయింది. అలాంటి కుదింపులు అప్పుడు చాలా పుట్టాయి, చాలావరకు ఆ సరదాతోనే పోయాయి. ఓకే ఎందుకు బతికింది? మరుసటేడు అమెరికా అధ్యక్ష ఎన్నికలు. పోటీలో ఉన్న మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు కిండర్‌హుక్, ఆయన్ని అభిమానులు ఓల్డ్ కిండర్‌హుక్ అనేవారు. ఆ రెండు మాటల మొదటి అక్షరాలూ అవే. వాళ్లు ఓకే క్లబ్బులు పెట్టారు, నినాదాలు చేశారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు కానీ ఆ రెండక్షరాలు దేశమంతా పాకాయి. 1960లలో ఆలెన్ వాకర్ రీడ్ అనే భాషావేత్త పాత పత్రికలన్నీ తిరగేసి తేదీలతో సహా నిరూపించేదాకా ఓకే గురించి లెక్కలేనన్ని కథలు తిరిగాయి.

పోలిక ఉంటే చాలదు

పోలికల దగ్గరికి వద్దాం. మన పాఠకులు ఎక్కువగా జారేది ఇక్కడే అని నా అభిప్రాయం. ఇంగ్లిష్‌లో ఫాదర్, సంస్కృతంలో పితృ. ఫుట్, పాదం. త్రీ, త్రయం. టెన్, దశ. టూత్, దంతం. ఇవి నిజంగా చుట్టాలు. ఎలా తెలుసు? ఒకేలా వినిపిస్తున్నాయని కాదు, తేడా ఒకే పద్ధతిలో ఉందని. సంస్కృతంలో ప ఉన్నచోట ఇంగ్లిష్‌లో ఫ ఉంది, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. త ఉన్నచోట థ లాంటి ధ్వని, ద ఉన్నచోట ట. 1822లో జర్మన్ పండితుడు యాకబ్ గ్రిమ్ ఈ వరసలన్నీ కూర్చి చూపించాడు. దంతంలో అది ఎంత ముచ్చటగా పనిచేస్తుందో చూడండి. మొదట్లో ద ఉంది, టూత్ మొదట్లో ట. చివర త, టూత్ చివర థ. మధ్యలో ఉన్న న ఇంగ్లిష్ వైపు రాలిపోయింది.

దీనర్థం ఇంగ్లిష్ సంస్కృతంలోంచి పుట్టిందని కాదు. ఆ రెండూ, లాటిన్, గ్రీక్, పర్షియన్‌లతో సహా, రాతకి ముందే ఉన్న ఒక పాత భాష బిడ్డలు. అక్కాచెల్లెళ్లలో ఒకరు ఇంకొకరికి తల్లి కారు. తెలుగు ఆ ఇంటిది కాదు, ద్రావిడ కుటుంబం. అందుకే దంతానికి టూత్‌తో బంధుత్వం ఉంది, మన పన్నుకి లేదు.

ధ్వనుల లెక్క తెలిశాక ఒక విచిత్రం బయటపడుతుంది. మరీ ఎక్కువ పోలిక ఉంటే అది బంధుత్వానికి వ్యతిరేక సాక్ష్యం కావచ్చు! ఇంగ్లిష్‌లో హ్యావ్ అంటే ఉండటం, కలిగి ఉండటం. లాటిన్‌లో హబేరే అంటే అచ్చంగా అదే. చూస్తే కవలల్లా ఉన్నాయి. కానీ గ్రిమ్ లెక్క ప్రకారం ఇంగ్లిష్‌లో హ ఉన్నచోట లాటిన్‌లో క ఉండాలి. వందకి హండ్రెడ్, కెంటుమ్. కొమ్ముకి హార్న్, కోర్నూ. కుక్కకి హౌండ్, కానిస్. ఆ లెక్కన హ్యావ్‌కి చుట్టం పట్టుకోవడం అనే అర్థమున్న కపేరే అవుతుంది, హబేరే కాదు. రోజుకి ఇంగ్లిష్ మాట డే, లాటిన్ మాట దీయేస్, వీటికీ బంధుత్వం లేదు. పక్కపక్క భాషల్లోనే కాకతాళీయంగా ఇంత పోలిక కుదిరినప్పుడు, వేరే కుటుంబానికి చెందిన తెలుగు కత్తిని తీసుకెళ్లి ఇంగ్లిష్ కట్ పక్కన పెట్టి "అదిగో" అనడానికి ముందు కాస్త ఆగాలి. మాట వెళ్లిందంటే ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు, మధ్యలో ఏ భాషలో ఆగింది అన్నవాటికి జవాబుండాలి.

ఒకే ఇంట్లో నలుగురు అద్దెకున్నట్టు

ఇంగ్లిష్‌కి మాటలు ఒకచోట నుంచి రాలేదు. అడుగున జర్మనిక్ తెగల నుంచి వచ్చిన పాత ఇంగ్లిష్. దాని మీద 8వ శతాబ్దం చివర్నుంచి ఉత్తర యూరప్ నుంచి దండెత్తి వచ్చి స్థిరపడిపోయిన వైకింగుల భాష నార్స్. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్‌లు గెలిచాక రాజు కొలువులోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచ్. తర్వాత చదువుల మీదుగా లాటిన్, గ్రీక్. అందుకే ఒకే పనికి మూడేసి మాటలు. అడగడానికి ఆస్క్ పాత ఇంగ్లిష్, క్వశ్చన్ ఫ్రెంచ్ దారిలో వచ్చింది, ఇంటరాగేట్ నేరుగా లాటిన్. మొదటిది ఇంట్లో మాట, చివరిది పోలీస్ స్టేషన్ మాట. ఇల్లు, గృహం, మకాం అనే మూడింటిలో ఏది ఎక్కడ వాడాలో మనకి చెప్పకుండానే తెలిసినట్టు, వాళ్లకీ ఈ బరువులు తెలుస్తాయి.

అందరూ ఫ్రెంచ్ గురించి చెబుతారు కానీ నాకు నార్స్ సంగతే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది. వైకింగులు ఇచ్చినవి దర్జా మాటలు కావు. స్కిన్, లెగ్, నైఫ్, స్కై, టేక్ లాంటి నిత్యం నోట్లో నానేవి. విండో అంటే వాళ్ల భాషలో గాలి కన్ను. చివరికి వాళ్లు అనే సర్వనామం, దే, అది కూడా నార్సే. ఒక భాష ఇంకో భాష నుంచి సర్వనామం తీసుకోవడం చాలా అరుదు. రెండు జాతుల జనం ఒకే ఊళ్లో పక్కపక్కన ఎంత కలిసిపోయి బతికితే అది జరుగుతుందో ఆలోచించండి.

ఆ కలయిక సాఫీగా జరగలేదని చెప్పే సన్నివేశం ఒకటి 1490లో రాతకెక్కింది. రాసినవాడు ఇంగ్లండ్‌లో మొదటి అచ్చుయంత్రం పెట్టిన విలియమ్ కాక్స్‌టన్, తను అనువదించిన ఒక పుస్తకం ముందుమాటలో. కొందరు వర్తకులు థేమ్స్ నది మీదుగా ఓడలో ఇప్పటి నెదర్లాండ్స్‌లో ఉన్న జీలాండ్‌కి వెళుతున్నారు. గాలి లేక ఓడ కదలట్లేదు. సరే తినడానికి ఏమైనా దొరుకుతుందేమో అని ఒడ్డుకి దిగారు. అందులో షెఫీల్డ్ అనే ఆయన ఒక ఇంటికి వెళ్లి ఎగ్గిస్ ఇమ్మని అడిగాడు. ఇంటావిడ, నాకు ఫ్రెంచ్ రాదండీ అంది. ఆయనకి కోపం వచ్చింది, ఆయనకీ ఫ్రెంచ్ రాదు మరి! గుడ్లు అడిగితే అర్థం కాకపోవడమేమిటి? అప్పుడు పక్కనున్న ఇంకొకాయన, ఇతనికి కావలసింది ఐరెన్ అన్నాడు. ఆవిడ, ఆఁ, ఇప్పుడు తెలిసింది అంది. ఐరెన్ పాత ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాట, ఎగ్గిస్ నార్స్ నుంచి వచ్చింది. ఈ సంగతి చెప్పి కాక్స్‌టన్ వాపోయాడు, ఈ రోజుల్లో మనిషి ఏది రాయాలి, ఎగ్గిస్ అనా, ఐరెన్ అనా అని. పుస్తకాలు అచ్చువేసి అందరికీ అమ్మాల్సిన మనిషికి అది నిజమైన టెన్షన్. చివరికి నార్స్ మాటే నెగ్గింది, ఐరెన్ ఆనవాలు లేకుండా పోయింది.

అర్థం ఇల్లు మారినప్పుడు

మాట అలాగే ఉండి అర్థం కదిలిపోవడం ఇంకో పెద్ద కథ. మన భాషాశాస్త్ర పుస్తకాల్లో దీన్ని అర్థవిపరిణామం అంటారు. పేరు బరువుగా ఉన్నా విషయం తెలిసిందే. నువ్వుల నుంచి తీసినదానికే చెల్లిన నూనె అనే మాట ఇప్పుడు దేని నుంచి తీసినా సరిపోతోంది. అర్థం విప్పారింది. వేదం చదువుకున్న పండితుడైన ఛాందసుడు ఇవాళ పాతకాలపు పట్టుదల మనిషి అయ్యాడు. గౌరవం తగ్గింది.

ఇంగ్లిష్‌లో డీర్ అంటే జింక. పాత ఇంగ్లిష్‌లో దేయోర్ అంటే ఏ జంతువైనా. జర్మన్‌లో దాని తోబుట్టువు టీర్ ఇవాళ్టికీ జంతువే. వేటలో ముఖ్యమైన జంతువు జింక కాబట్టి, యానిమల్ అనే లాటిన్ మాట వచ్చి పెద్ద అర్థాన్ని తీసుకునేసరికి, దేయోర్ జింక దగ్గర ఆగిపోయింది. సరిగ్గా ఇదే సంస్కృతంలో జరిగింది. మృగం అంటే మొదట అడవి జంతువు, తర్వాత ప్రత్యేకించి జింక. మృగనయని అన్నప్పుడు జింక, మృగరాజు అన్నప్పుడు జంతువు, రెండు కాలాలూ ఆ మాటల్లో ఇరుక్కుని ఉన్నాయి. మనం తెలుగులో ఆ పాత, వెడల్పు అర్థాన్నే ఉంచుకున్నాం. తెలుగులో మృగంలా ప్రవర్తించాడు అంటే ఎవరికీ జింక గుర్తుకు రాదు. ఒకరినొకరు చూసుకోకుండా రెండు భాషలు ఒకే దారిలో నడవడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

అన్నిటికంటే దూరం నడిచిన మాట నైస్. లాటిన్‌లో నెస్కియుస్ అంటే తెలియనివాడు. తెలుసుకోవడం అనే ఆ ధాతువే సైన్స్‌లోనూ ఉంది, ఇక్కడ దాని ముందు లేదు అనే అర్థం చేరింది. పాత ఫ్రెంచ్ మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌కి వచ్చినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ. ఎవరినైనా నైస్ అంటే తిట్టినట్టే. తర్వాత బిడియస్తుడు, ప్రతిదానికీ నసపెట్టేవాడు అయింది. నసపెట్టే మనిషి చిన్న తేడాలు కూడా పట్టుకుంటాడు కదా, అక్కణ్ణించి సూక్ష్మమైన, ఖచ్చితమైన అనే అర్థం వచ్చింది. సూక్ష్మమైనది నాజూకైనది, నాజూకైనది హాయిగా ఉంటుంది. 18వ శతాబ్దానికి బాగుంది అనే అర్థానికి చేరింది. ఒక్కో అడుగూ చిన్నదే, పక్కింటికి వెళ్లినంత. మొత్తం దూరం చూస్తే తిట్టు నుంచి మెప్పుదాకా. సిల్లీ దీనికి ఎదురు నడిచింది. మొదట్లో అది ధన్యుడు, దైవానుగ్రహం ఉన్నవాడు. ధన్యుడు అమాయకుడయ్యాడు, అమాయకుడు పాపం అనిపించుకున్నాడు, బలహీనుడయ్యాడు, చివరికి వెర్రివాడయ్యాడు. మీట్ అంటే ఒకప్పుడు ఏ తిండైనా, గర్ల్ అంటే ఆడైనా మగైనా చిన్నపిల్లే.

అక్షరాలు కూడా ఇలాగే కదిలాయి. అప్రన్ అసలు న్యాప్రన్. ముందు అ అనే ఆర్టికల్ వస్తుంది కాబట్టి, అ న్యాప్రన్ అన్నది వినేవాళ్లకి అన్ అప్రన్ అనిపించి, న అటు వెళ్లిపోయింది. నిక్‌నేమ్‌లో దీనికి తిరగబడి జరిగింది. ఎక్‌నేమ్ అంటే అదనపు పేరు, ఆర్టికల్‌లోని న వచ్చి దానికి అతుక్కుంది. ఆరెంజ్ కూడా ఇలాగే అయిందని చాలామంది చెబుతారు, నారంజ్ లోని న ఇంగ్లిష్‌లో రాలిపోయిందని. న రాలిన మాట నిజమే కానీ ఇంగ్లిష్‌లో కాదు. ద్రావిడ భాషల్లో పుట్టిందనుకునే ఈ మాట సంస్కృతంలో నారంగం, పర్షియన్‌లో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాన్హా. మన నారింజ ఈ కుటుంబంలోదే. ఇటలీ, ఫ్రాన్స్ చేరేసరికి న ఊడిపోయింది. ఇంగ్లిష్‌కి చేరింది న లేని మాటే. పండుతో పాటు పేరొచ్చాక, దాదాపు శతాబ్దం గడిచాక, 16వ శతాబ్దంలో రంగుకి ఆ పేరు పెట్టారు. అంతకుముందు ఆ రంగుని ఎరుపు అనో, పసుపు కలిసిన ఎరుపు అనో సరిపెట్టుకున్నారు. రాబిన్ పిట్ట రొమ్ము నారింజ రంగులో ఉన్నా దాన్ని రెడ్‌బ్రెస్ట్ అనడం ఆ కాలపు గుర్తే.

స్పెల్లింగులో ఎవరూ పలకని అక్షరాలన్నీ పాత ఉచ్చారణల అవశేషాలు కావు. నైఫ్ ముందున్న కే ఒకప్పుడు పలికేవారు, అది నిజం. డెట్, డౌట్‌లలోని బీ మాత్రం ఇంగ్లిష్‌లో ఎవరూ ఎన్నడూ పలకలేదు. ఆ మాటలు ఫ్రెంచ్ నుంచి బీ లేకుండానే వచ్చాయి. లాటిన్ మూలంలో ఉంది కదా అని పండితులు తర్వాత చేర్చారు. ఐలండ్‌లో ఎస్ అయితే శుద్ధ పొరపాటు. ఆ మాట పాత ఇంగ్లిష్‌ది, లాటిన్ ఇన్సులా కుటుంబం కాదు. ఐల్ అనే వేరే మాటని చూసి దీనికీ ఎస్ తగిలించారు.

డెడ్‌లైన్

రోజూ ఆఫీసుల్లో వినే ఈ మాట గురించి ఎవరైనా భయంకరమైన కథ చెబితే మొదట నమ్మకూడదనిపిస్తుంది. ఇది మాత్రం తేదీలతో నిలుస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, దక్షిణాది సైన్యం జార్జియా రాష్ట్రంలో ఆండర్సన్‌విల్ దగ్గర ఒక బందిఖానా తెరిచింది. నిలువు దుంగలతో ఎత్తైన ప్రహరీ. ప్రహరీకి దాదాపు 20 అడుగుల లోపల గుంజలు పాతి, వాటి మీద సన్నని అడ్డకర్రలు కొట్టారు. పిల్లలైనా దాటగలిగేంత నాసిరకం కంచె అది. కానీ దాన్ని దాటినవాణ్ణి పైన కాపలా ఉన్న సైనికుడు హెచ్చరించకుండా కాల్చేయొచ్చు. ఆ గీత పేరు డెడ్‌లైన్. పద్నాలుగు నెలల్లో అక్కడ దాదాపు 45,000 మంది ఖైదీలు ఉన్నారు, 13,000 మంది దాకా చచ్చిపోయారు, ఎక్కువమంది ఆకలితో, రోగాలతో. ఆ బందిఖానా అధికారి హెన్రీ వర్జ్‌ని 1865 నవంబర్‌లో ఉరితీశారు. ఆయన మీద జరిగిన విచారణలో ఈ గీత ప్రస్తావన పదే పదే వచ్చింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అమెరికా పత్రికాఫీసులు ఈ మాటని వార్త అందాల్సిన ఆఖరి వేళకి వాడుకున్నాయి. గీత స్థలంలోంచి కాలంలోకి జరిగింది.

ఇంత తెలిశాక "అయితే డెడ్‌లైన్ అసలు అర్థం అదన్నమాట" అంటారు కొందరు. ఇక్కడే నేను ఒప్పుకోను. ఎటిమాలజీ అనే పేరులోనే ఈ పొరపాటు ఉంది. గ్రీకులో ఎటుమోస్ అంటే నిజమైన అని. మొదటి అర్థమే నిజమైన అర్థం, మిగతావి చెడిపోయినవి అనే నమ్మకం ఆ పేరుతోపాటే వచ్చింది. డిసెంబర్ అంటే లాటిన్ లెక్కలో పదో నెల, రోమన్ సంవత్సరం ఒకప్పుడు మార్చిలో మొదలయ్యేది కాబట్టి. అంతమాత్రాన ఇవాళ డిసెంబర్‌ని పదో నెల అనుకుంటే పరీక్ష తేదీ తప్పుతుంది. మాట అర్థం దాన్ని ఇప్పుడు వాడుతున్నవాళ్ల మధ్య ఉంటుంది. పుట్టుక చెప్పేది అది నడిచొచ్చిన దారి.

అలాగని జనం చెప్పుకునే కథలన్నీ తప్పనీ, పండితులదే ఒప్పనీ కాదు. బాన్‌ఫైర్ అంటే చలిమంట, వేడుక మంట. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన ప్రసిద్ధ నిఘంటువులో దీనికి ఫ్రెంచ్ బాన్, అంటే మంచి, మూలమని రాశాడు. మంచి మంట. వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంది. మామూలు మనిషి వింటే బోన్ ఫైర్, ఎముకల మంట అనిపిస్తుంది, అది మరీ మోటుగా ఉంది. కానీ 1483 నాటి ఒక ఇంగ్లిష్-లాటిన్ పదకోశంలో ఈ మాటకి ఎదురుగా లాటిన్‌లో రాసింది ఎముకల అగ్ని అనే. ఎముకలు పోగేసి కాల్చే మంటలు అవి. మోటు అర్థమే గెలిచింది. గెలిపించింది మళ్లీ తేదీ ఉన్న కాగితమే.

రోజూ అనే క్యాష్ మన కాసు కాదని తేలినప్పుడు కొంచెం బాధేసింది, దాచుకోను. తర్వాత అదే నిఘంటువులో బ్యాండికూట్ దగ్గర తెలుగు పేరు కనబడింది. ఇది అనుమానం లేకుండా మనదే, పందికొక్కు. పందిలాంటి ఎలుక. ఇక్కడ పనిచేసిన ఇంగ్లిష్‌వాళ్లు గోతులు తవ్వి గాదెలు పాడుచేసే ఆ పెద్ద ఎలుకని చూసి, పేరు విని, తమ నోటికి తగ్గట్టు రాసుకున్నారు. తర్వాత ఆస్ట్రేలియాకి వెళ్లిన ఇంగ్లిష్‌వాళ్లకి మూతి సాగి, నేల తవ్వుకు తినే ఒక చిన్న జంతువు కనబడితే, తెలిసిన పేరే దానికీ పెట్టేశారు. దానికి పందితో చుట్టరికం లేదు, ఎలుకతోనూ లేదు. అది కంగారూ తరహా, పిల్లల్ని పొట్ట దగ్గర సంచిలో మోస్తుంది. కంగారూకి ఆ సంచి నోరు ముందుకి ఉంటుంది, దీనికి వెనక్కి ఉంటుంది, మట్టి తవ్వేటప్పుడు లోపలి పిల్లల మీద పడకుండా.